మీరు అడిగారు: కాన్ఫరెన్స్ పోస్టర్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పరిశోధక విద్యార్థులవి, దాదాపు అన్నీ పోస్టర్ గురించే, అంటే పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద ముద్రించి, సదస్సులో బోర్డుకు పెట్టి, పక్కన నిలబడి వివరించేదాని గురించే. ఒకే విషయం అడిగిన వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నా అబ్‌స్ట్రాక్ట్‌ను (సదస్సుకు ముందుగా పంపే సారాంశాన్ని) పోస్టర్ విభాగానికి తీసుకున్నారు. ఇంకా నెల రోజులుంది. పేపర్‌లోంచి ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అన్నీ తెచ్చి పెడితే రెండు వేల పదాలు దాటింది. గైడ్ గారు సగం తీసెయ్యమంటున్నారు. ఏది తీయాలన్నా మనసు ఒప్పడం లేదు.

సగం తీసినా ఇంకా ఎక్కువే. ఏ0 సైజు పోస్టర్‌కు 400 నుంచి 600 పదాలు చాలు. 800 దాటితే ఎవరూ చదవరు. కారణం తేలికే: పేపర్‌ను మనిషి కూర్చుని, తనకు వీలైనప్పుడు చదువుకుంటాడు. పోస్టర్‌ను నిలబడి, జనం మధ్యలో, పక్క బోర్డు మీద ఓ కన్నేసి చదువుతాడు. పైగా పేపర్ పక్కన మీరుండరు, పోస్టర్ పక్కన ఉంటారు. అంటే మీరు నోటితో చెప్పగలిగినదేదీ గోడ మీద ఉండక్కర్లేదు.

తీసివేతతో మొదలుపెట్టకండి. ముందు ఒక ఖాళీ కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. మీ పోస్టర్ చూసి వెళ్లిన మనిషి సాయంత్రం తన మిత్రుడికి ఏమని చెప్పాలి? అదే ఆ వాక్యం. అది కుదిరేదాకా కంప్యూటర్ తెరవకపోయినా నష్టం లేదు. కుదిరాక, పోస్టర్‌లో పెట్టాలనుకున్న ప్రతి బొమ్మనూ, ప్రతి పేరానూ దాని పక్కన పెట్టి చూడండి. ఆ వాక్యాన్ని నిలబెట్టేది ఉంటుంది, నిలబెట్టనిది పోతుంది. ఎంత కష్టపడి చేసిన ప్రయోగమైనా సరే.

ఆ వాక్యమే శీర్షిక కూడా కావాలి. ఉదాహరణకు, ‘టమాటా సాగులో నేల తేమ సెన్సార్ల ఆధారిత నీటి యాజమాన్యంపై ఒక అధ్యయనం’ అంటే మీరు ఏం చేశారో తెలుస్తుంది గానీ ఏం తేలిందో తెలియదు. ‘నేల తేమ చూసి నీరు పెడితే నీటి ఖర్చు తగ్గింది, టమాటా దిగుబడి తగ్గలేదు’ అనండి, ఆ రంగంలో ఉన్నవాడు దాటి వెళ్లలేడు. అబ్‌స్ట్రాక్ట్ పుస్తకంలో అచ్చయిన శీర్షికే ఉండాలని నిర్వాహకులు పట్టుబడితే, దాన్ని అలాగే ఉంచి ఈ వాక్యాన్ని కింద పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇక భాగాలవారీగా చూద్దాం. అబ్‌స్ట్రాక్ట్‌ను పోస్టర్ మీద మళ్లీ వేయొద్దు, అది అందరి చేతిలోనూ ఉంటుంది. కొన్ని సదస్సులు తప్పనిసరి అంటాయి కాబట్టి సూచనలు ఒకసారి చూసుకోండి. ఉపోద్ఘాతం నాలుగు వాక్యాలు: ఇప్పటిదాకా తెలిసింది, తెలియనిది, మీ ప్రశ్న, అది ఎందుకు ముఖ్యం. పద్ధతులను పేరాగా కాక బాణాలతో గొలుసు బొమ్మగా గీయండి. నమూనాలెన్ని, ఎంతకాలం, పోలిక దేనితో, గణాంక పరీక్ష ఏది అన్నవి మాత్రం అందులో కనబడాలి, ఎందుకంటే ముందుగా అడిగేవి అవే. ఫలితాలకు సగం స్థలం ఇవ్వండి: రెండు మూడు బొమ్మలు, మహా అయితే నాలుగు. ముగింపు మూడు వాక్యాలు. రిఫరెన్సులు నాలుగైదు మించొద్దు. చోటు లేదని ఎగ్గొట్టకూడనివి కొన్నున్నాయి: నిధులిచ్చిన సంస్థ, గ్రాంట్ సంఖ్య, మనుషుల మీదో జంతువుల మీదో పని చేస్తే నైతిక కమిటీ అనుమతి, ప్రయోజన వైరుధ్యాలు. వీటిని చిన్న అక్షరాల్లో అడుగున వేస్తే సరిపోతుంది.

ప్రశ్న: ‘ఏ0, నిలువు’ అని మెయిల్‌లో వచ్చింది. పవర్‌పాయింట్‌లో చేస్తున్నాను. స్లైడు ఎంత పెట్టాలి, అక్షరాలు ఎంత పెట్టాలి? తెర మీద అన్నీ పెద్దగానే కనిపిస్తున్నాయి.

తెర మీది సైజును నమ్మొద్దు. ఏ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. పవర్‌పాయింట్ స్లైడు పొడవు 56 అంగుళాల దాకా, అంటే 142 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి 84.1 × 118.9 సెంటీమీటర్లు అసలు కొలతతోనే పెట్టుకోవచ్చు. ఒక్క అక్షరం టైపు చేయకముందే పెట్టండి. సగం పని అయ్యాక కొలత మారిస్తే ప్రతి పెట్టె, ప్రతి అక్షరం కదులుతుంది.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, నిలువుకు అడ్డం చేయడం. బోర్డు వెడల్పు ఒక మీటరు ఉన్నచోట అడ్డంగా చేసిన ఏ0 తీసుకెళ్తే దాదాపు 19 సెంటీమీటర్లు బయటికి వేలాడుతుంది, పక్కవారి పోస్టర్ మీదికి. రెండోది, బోర్డు కొలతనే పోస్టర్ కొలత అనుకోవడం. మెయిల్‌లో రెండూ ఉంటే జాగ్రత్తగా చదవండి. మూడోది, 36 × 48 అంగుళాల టెంప్లేట్‌ను ఎక్కడినుంచో దించుకుని ఏ0 మీద ముద్రించడం. దాని నిష్పత్తి 3:4, ఏ0ది సుమారు 1:1.41. కాబట్టి పైనా కిందా తెల్లపట్టీలైనా మిగులుతాయి, పక్కలైనా తెగుతాయి.

ఏ0కు అక్షరాల కొలతలు ఇలా పెట్టుకోండి. శీర్షిక 85 నుంచి 100 పాయింట్లు, రెండు వరుసలు దాటకుండా. రచయితల పేర్లు 48. విభాగాల తలకట్లు 44 నుంచి 54. అసలు రాత 28 నుంచి 32, ఎంత ఇరుకైనా 24 కిందికి దిగొద్దు. బొమ్మల కింది రాత 24. రిఫరెన్సులు 18 అయినా పరవాలేదు. 28 పాయింట్లంటే వరుసకు సుమారు ఒక సెంటీమీటరు చోటు, తెర మీద అది రాక్షసంగా కనబడవచ్చు. గోడ మీద, మీటరున్నర దూరంలో, అది మామూలు అక్షరమే. రాత పట్టకపోతే అక్షరం తగ్గించకండి, మాటలు తగ్గించండి.

సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, దీన్ని ఎవరూ వదలొద్దు. పోస్టర్ మొత్తాన్ని ఒక్క ఏ4 కాగితం మీద ముద్రించండి. ఏ4 పొడవు, వెడల్పుల్లో ఏ0లో సరిగ్గా నాలుగో వంతు. కాబట్టి ఆ కాగితాన్ని కంటికి 37 సెంటీమీటర్ల దూరంలో, అంటే పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుంటే, అసలు పోస్టర్‌ను మీటరున్నర దూరంనుంచి చూసినంత లెక్క. మీ 28 పాయింట్ల అక్షరం అందులో 7 పాయింట్లు. కళ్లు చికిలించకుండా చదవగలిగితే అచ్చుకు పంపొచ్చు. మీ కళ్లతోనే కాదు, యాభై దాటిన మీ ప్రొఫెసర్ కళ్లతో కూడా చదివించండి. ఆగి ప్రశ్నలడిగేవారిలో ఆ వయసువారు చాలామంది.

వరుసల విషయం క్లుప్తంగా: నిలువు పోస్టర్‌కు రెండు నిలువు వరుసలు, అడ్డం పోస్టర్‌కు మూడో నాలుగో. పైనుంచి కిందికి చదివి పక్క వరుసకు వెళ్లేలా ఉంటే, జనం అడ్డుగా నిలబడ్డా ఒక్క చోట నిలబడి చదువుకోవచ్చు. చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి, పెద్ద ప్రింటర్లలో అంచులు తెగుతాయి.

ప్రశ్న: పోయినసారి కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన గ్రాఫులు అచ్చులో మసకబారాయి. ప్రింట్ షాపువాళ్లు ఫైలే అంతంటారు. తప్పెవరిది?

చాలావరకు ఫైలుదే. గ్రాఫును స్క్రీన్‌షాట్ తీసి అతికించి ఉంటారు. లెక్క చూడండి. బొమ్మ పోస్టర్ మీద 34 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం, అంటే 13.4 అంగుళాలు. ఫొటోకు అచ్చులో అంగుళానికి కనీసం 150 చుక్కలు కావాలి. కాబట్టి బొమ్మలో అడ్డంగా 2,000 పిక్సెళ్లుండాలి. మీ స్క్రీన్‌షాట్‌లో 800 ఉంటే అంగుళానికి 60 వస్తాయి. మసక వచ్చి తీరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో లాగి పెద్దది చేస్తే పిక్సెళ్లు పెరగవు, ఉన్నవే ఉబ్బుతాయి.

గ్రాఫులకు అసలు పిక్సెళ్ల గొడవే వద్దు. ఆర్, పైథాన్, ఆరిజిన్ దేంట్లో గీసినా ఎస్‌వీజీగానో పీడీఎఫ్‌గానో తీసుకోండి. అవి గీతల రూపంలో ఉంటాయి కాబట్టి ఎంత పెంచినా పదును పోదు. ఫొటోలకు జేపెగ్ ఫరవాలేదు గానీ గ్రాఫుకు వాడితే గీతల చుట్టూ ధూళిలాంటి మచ్చలు చేరతాయి. పవర్‌పాయింట్ సేవ్ చేసేటప్పుడు తనంతట తాను బొమ్మలను కుదించే అలవాటు కూడా ఉంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్లి, ఫైల్లోని బొమ్మలను కంప్రెస్ చేయొద్దని టిక్ పెట్టండి, బొమ్మలు చేర్చకముందే. చివర్లో పీడీఎఫ్ చేసేటప్పుడు ‘మినిమమ్ సైజ్’ ఎంచుకోవద్దు. షాపుకు ఎప్పుడూ పీడీఎఫే ఇవ్వండి. పవర్‌పాయింట్ ఫైలిస్తే, వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేనప్పుడు వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, వరుసలన్నీ జారిపోతాయి.

మసక కన్నా పెద్ద జబ్బు మరొకటుంది: గ్రాఫులోని అక్షరాలు. పత్రిక కోసం 8.5 సెంటీమీటర్ల వెడల్పున, 8 పాయింట్ల అక్షరాలతో గీసిన బొమ్మను 34 సెంటీమీటర్లకు పెంచితే అక్షరాలు నాలుగింతలై 32 పాయింట్లకు వస్తాయి, బాగుంటుంది. అదే 17 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మనైతే అంతే చోటుకు రెండింతలే పెరుగుతుంది, అక్షరం 16 పాయింట్ల దగ్గర ఆగిపోతుంది. అక్షం మీది అంకెలు ఎవరికీ కనబడవు. అలాంటి బొమ్మను పోస్టర్ కోసం మళ్లీ గీయండి. గీసేటప్పుడే మూలనున్న లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పెట్టె) తీసేసి ప్రతి గీత చివరా దాని పేరు రాయండి. ఎర్రర్ బార్లు (విలువ అటూ ఇటూ ఎంత మారవచ్చో చూపే చిన్న గీతలు) ఉంటే అవి ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా, విశ్వాస అంతరమా అన్నది బొమ్మ కిందే చెప్పండి. త్రీడీ బార్లు వద్దే వద్దు, ఏ బారు ఎత్తు ఎంతో చెప్పడం కష్టమైపోతుంది.

ప్రశ్న: రంగుల్లో ఏవైనా నియమాలున్నాయా? ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు పెట్టాను, అందంగా ఉంది.

తెర మీద అందంగానే ఉంటుంది. కాగితం మీద అంత సిరా పడితే అలలు తేలుతుంది, చుట్టినప్పుడు గీతలు పడతాయి, చిన్న తెల్ల అక్షరాల సందుల్లోకి సిరా పాకుతుంది. లేత నేపథ్యం, ముదురు అక్షరం ఎప్పుడూ క్షేమం. గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టొద్దు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో నూటికి సుమారు 8 మందికి ఆ రెంటి తేడా సరిగా తెలియదు, ఇతర చోట్లా అలాంటివారు తక్కువేం కాదు. నీలం, నారింజ జోడీ అందరికీ కనబడుతుంది. ఎక్కువ రంగులు కావాలంటే జపాన్ శాస్త్రజ్ఞులు ఒకాబె, ఇతో కూర్చిన ఎనిమిది రంగుల వరస ఉంది, చాలా సాఫ్ట్‌వేర్లలో దొరుకుతుంది. హీట్‌మ్యాప్‌లకు (అంకెలను రంగులతో చూపే బొమ్మలకు) ఇంద్రధనుస్సు రంగులు మానేసి, ఊదానుంచి పసుపు దాకా సాగే విరిడిస్ వరస వాడండి.

ప్రశ్న: మధ్యలో ఒకే ఒక్క పెద్ద వాక్యం, పక్కన సన్నటి రాత ఉన్న పోస్టర్లు ఈమధ్య చూస్తున్నాను. అలా చేయవచ్చా? తేలిగ్గా తీసుకుంటారేమోనని భయం.

చేయవచ్చు. 2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న మైక్ మారిసన్ ఒక వీడియోలో ఈ పద్ధతిని ముందుకు తెచ్చాడు. మధ్యలో అసలు ఫలితం మామూలు మాటల్లో, పెద్దగా. ఎడమ పట్టీలో పద్ధతులు, ఫలితాలు క్లుప్తంగా. కుడి పట్టీలో అదనపు పట్టికలు, బొమ్మలు. కింద క్యూఆర్ కోడ్. నడిచివెళ్లేవారికి కూడా విషయం అందాలన్నది ఆలోచన, దాంతో మాకు పూర్తి ఏకీభావం ఉంది. కానీ ఉన్నదున్నట్టు దించుకుంటే మధ్య భాగం అంతా ఖాళీ రంగే మిగిలి, గ్రాఫు మాత్రం అరచేతంత అయిపోతుంది. ఆగిన నిపుణుడికి వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. మధ్యలో వాక్యం, దాని కిందే ఆ వాక్యాన్ని రుజువు చేసే ఒక్క గ్రాఫు పెద్దగా పెట్టండి. మేం అదే సిఫారసు చేస్తాం. తేలిగ్గా తీసుకునేవారుంటే ఆ గ్రాఫే వారికి జవాబు.

క్యూఆర్ కోడ్ సంగతి కూడా ఇక్కడే చెబుతాం. ఎంత దూరంనుంచి స్కాన్ చేస్తారో అందులో పదోవంతు వెడల్పు ఉండాలని లెక్క. అర మీటరుకు 5 సెంటీమీటర్లు, ముందు జనం ఉంటారు కాబట్టి 8 పెట్టండి. చుట్టూ తెల్ల అంచు వదలాలి, మధ్యలో లోగో అతికించకండి. లింకు ఎంత పొడుగైతే గళ్లు అంత సన్నబడతాయి. ఉచితంగా ఇచ్చే కొన్ని సైట్ల కోడ్‌లు గడువు తీరాక పనిచేయవు. పోస్టర్‌ను ముందే జెనోడోలో (పరిశోధన ఫైళ్లను భద్రపరిచే సైటు) పెట్టి, వచ్చిన డీఓఐ అనే శాశ్వత లింకునే కోడ్‌గా మారిస్తే ఆ బెడద ఉండదు. కోడ్ కిందే అది ఎక్కడికి తీసుకెళ్తుందో ఒక మాట రాయండి. అచ్చుకు ముందు ఆ ఏ4 కాగితం మీద రెండు వేర్వేరు ఫోన్లతో చూసుకోండి.

ప్రశ్న: గుడ్డ మీద ముద్రిస్తే మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చంటున్నారు. కాగితం మేలా, గుడ్డ మేలా?

విమాన ప్రయాణం ఉంటే గుడ్డ. నిలువు ఏ0ను చుట్టితే 84 సెంటీమీటర్ల గొట్టం అవుతుంది, చేతి సామాను కొలతకు మించుతుంది, దాన్ని మరిచిపోయేవారూ ఎక్కువే. గుడ్డకు లోపాలున్నాయి: సన్నటి గీతలు కాస్త పాకుతాయి, రంగులు కొంచెం వెలవెలబోతాయి, ముడతలు పడతాయి. మడవకుండా బట్టల చుట్టూ చుట్టి పెట్టండి. ముడతలుంటే వెనకవైపునుంచి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి.

మైక్రోస్కోపు ఫొటోల్లాంటి సున్నితమైన బొమ్మలుంటే కాగితమే. మెరిసేది కాదు, మ్యాట్ కాగితం, 170 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు). మెరిసే కాగితం మీద హాల్లోని లైటు సరిగ్గా మీ గ్రాఫు మీదే పడుతుంది. చుట్టేటప్పుడు అచ్చువైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే విప్పాక అంచులు చూసేవాడి వైపు లేస్తాయి, బయటికి చుడితే బోర్డుకు అతుక్కుంటాయి. పిన్నులు, వెల్క్రో, టేపు మూడూ దగ్గరుంచుకోండి. బోర్డు దేనితో చేశారో అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

ప్రశ్న: పోస్టర్ పక్కన గంటన్నర నిలబడ్డాను. కొందరు చూసి వెళ్లిపోయారు. ఒకాయన ఆగితే నేను పావుగంట చెప్పాను, మధ్యలో ఆయన గడియారం చూసుకున్నారు. ఎలా మాట్లాడాలి?

ముందు నిలబడే చోటు. పోస్టర్ ముందు కాదు, పక్కన, అంచుకు అరడుగు దూరంలో, హాలు వైపు తిరిగి. ఫోను లోపల పెట్టేయండి. ఎవరైనా ఆగితే వెంటనే మీద పడకండి, శీర్షిక చదువుకునేందుకు కొన్ని సెకన్లివ్వండి. తర్వాత ‘నమస్కారమండీ, మీరు ఏ విషయం మీద పనిచేస్తున్నారు?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నే మీ పావుగంటను రెండు నిమిషాలకు తెస్తుంది. ఎదుటివారు మీ రంగమే అయితే నేపథ్యం దాటేసి నేరుగా గ్రాఫు దగ్గరికి వెళ్లొచ్చు. వేరే రంగమైతే పద్ధతులు దాటేయొచ్చు.

మూడు నిడివులు సిద్ధం చేసుకోండి: అర నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఎక్కువగా పనికొచ్చేది రెండో రకం. పైన చెప్పిన టమాటా ఉదాహరణకు అది ఇలా ఉంటుంది: ‘మామూలుగా టమాటాకు రోజుల లెక్కన నీరు పెడతారు. నేల తేమ కొలిచి, తగ్గినప్పుడే పెడితే ఎంత మిగులుతుందన్నది మా ప్రశ్న. ఇదిగో, ఈ నారింజ గీత రోజుల లెక్క, నీలం గీత తేమ లెక్క. పూత దశ దాకా రెండూ కలిసే ఉన్నాయి, అక్కడినుంచి విడిపోయాయి చూడండి. దిగుబడి మాత్రం ఈ పక్క బొమ్మలో సమానంగానే ఉంది. ఒక్క సీజనే చూశాం, అది మా పరిమితి.’ అంతే. ఇక్కడ ఆగాలి. వినేవారికి కావలసింది వారే అడుగుతారు. ఆ మౌనం మీకు ఇబ్బందిగా ఉన్నా పూరించకండి.

పోస్టర్ మీది రాతను పైకి చదవొద్దు. చెబుతున్నప్పుడు బొమ్మను వేలితో చూపించండి, లేజర్ లైటు అక్కర్లేదు. ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరు వస్తే చూపుతో పలకరించి, కాస్త జరిగి చోటివ్వండి. తెలియని ప్రశ్న వస్తే ‘అది చూడలేదండీ, ఎలా చూస్తే బాగుంటుందంటారు?’ అనండి. ఊహించి చెప్పిన జవాబును నిపుణుడు ఇట్టే పట్టేస్తాడు. ప్రతి సంభాషణ అవగానే వారి పేరు, అడిగిన ప్రశ్న ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి. ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారంటే, రేపు పేపర్ సమీక్షకులు అడగబోయేదీ అదే.

ప్రశ్న: అచ్చయి వచ్చాక ఒక గ్రాఫులో తప్పు కనిపించింది. మళ్లీ ముద్రించే వ్యవధి లేదు.

అక్షర దోషమైతే వదిలేయండి. అంకెలో, గ్రాఫులో తప్పైతే సరైన బొమ్మను అదే కొలతలో అంటుకునే కాగితం మీద ముద్రించి దానిమీద అతికించండి. ఆ మూల ‘సవరించినది’ అని రాయండి. సహరచయితలకు ఆ రోజే చెప్పండి, ఆన్‌లైన్‌లో పెట్టిన ఫైలునూ మార్చండి. దాచిపెడితే మాత్రం ఎవరో తీసిన ఫొటోలో ఆ తప్పు మీ పేరుతోనే ఉండిపోతుంది.

ప్రశ్న: మా పరికరంలో పేటెంటుకు పనికొచ్చే భాగం ఉంది. పోస్టర్‌ను పుస్తకంలో అచ్చు వేయరు, రెండ్రోజులు గోడకుండి తీసేస్తారు కదా. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. 2004లో అమెరికాలో క్లోప్ఫెన్‌స్టైన్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సరిగ్గా ఇదే తేల్చింది. అక్కడ పరిశోధకులు తమ స్లైడ్లను బోర్డులకు అతికించి ఒక సదస్సులో రెండున్నర రోజులు ఉంచారు. కాపీలు పంచలేదు, ఏ గ్రంథాలయంలోనూ పెట్టలేదు. అయినా అది ముద్రిత ప్రచురణ కిందికే వస్తుందని, అంటే పేటెంటుకు అడ్డమయ్యే బహిరంగ వెల్లడేనని కోర్టు చెప్పింది. చూసినవారు ఆ రంగం తెలిసినవారు, రెండున్నర రోజులు అందరి ఎదుటా ఉంది, కాపీ చేసుకోవద్దని ఎక్కడా రాయలేదు, సమాచారం సులువుగా రాసుకోదగ్గది. ఈ నాలుగూ కోర్టు చూసింది. అమెరికాలో వెల్లడించాక దరఖాస్తుకు ఏడాది గడువైనా ఉంది. యూరోపియన్ పేటెంటుకు మామూలుగా అదీ ఉండదు, పోస్టర్ గోడకెక్కితే కొత్తదనం పోయినట్టే.

కాబట్టి పోస్టర్‌కు ముందు కాదు, అబ్‌స్ట్రాక్ట్ పంపకముందే మీ సంస్థలో పేటెంట్లు చూసేవారిని కలవండి. అబ్‌స్ట్రాక్ట్ పుస్తకం సదస్సుకన్నా వారాల ముందే ఆన్‌లైన్‌లోకి రావచ్చు, లెక్క ఆ తేదీనుంచే మొదలవుతుంది. పేటెంటు దరఖాస్తు దాఖలైనట్టు వారు రాతపూర్వకంగా చెప్పాకే ఆ భాగం చూపించండి. ‘ఫొటోలు తీయవద్దు’ అన్న గుర్తు పెట్టడం మర్యాదకు పనికొస్తుంది గానీ దాన్నే రక్షణ అనుకోవద్దు. అనుమతి సమయానికి రాకపోతే ఆ పరికరం బొమ్మ ఒక్కటీ తీసేసి, దానితో వచ్చిన ఫలితాలతో పోస్టర్ నడిపించండి. లోపల ఏముందని ఎవరైనా అడిగితే ‘దరఖాస్తు పనిలో ఉందండీ, అయ్యాక పంపుతాను’ అని చిరునామా తీసుకోండి.